తెల్ల ప్లేటు, తొమ్మిదిన్నర టన్నులు

2025 సంక్రాంతి వెళ్ళిన తరువాత నేనూ, మా తమ్ముడూ, టెక్కలిలో ఉండే మా బావ గారూ కలిసి మూడు కుటుంబాల పేరు మీద ఒక కారవాన్, అంటే చక్రాల మీద ఇల్లు లాంటి బండి, కొన్నాము. ఈ సంగతి తెలిసినప్పుడు విజయనగరంలోని మా బంధుమిత్రులు అడిగిన మొదటి ప్రశ్న అందులో మంచాలెన్ని అని, రెండవది వంటకు పొయ్యి ఉందా అని, మూడవది, కాస్త గొంతు తగ్గించి, మరుగుదొడ్డి మాటేమిటి అని. దాన్ని నడపడానికి ఏ లైసెన్సు కావాలని అడిగినవారు ఒక్కరూ లేరు. కొనేటప్పుడు మేమూ అడగలేదు కనుక వారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు.

అది బస్సు ఛాసిస్ మీద, అంటే బస్సు అడుగు చట్రం మీద, కట్టిన బండి. పొడవు దాదాపు 12 మీటర్లు, పైనున్న ఏసీ పెట్టెతో కలిపి ఎత్తు 3.5 మీటర్లు, ముందు రెండు చక్రాలు, వెనుక నాలుగు. విశాఖపట్నంలో ఒక కుటుంబం వారు నాలుగేళ్ళు వాడుకొని అమ్మకానికి పెడితే తీసుకున్నాము. అమ్మినాయన తాళాలు చేతికిస్తూ, "తెల్ల నంబరు ప్లేటు కదండీ, సొంత బండి కిందే లెక్క. మీ కారు లైసెన్సుతో హాయిగా తిప్పుకోవచ్చు" అన్నారు. పేరు మార్పిడి కాగితాలు చూసిన ఏజెంటూ అదే మాట అన్నాడు. వినడానికి హాయిగా ఉంది కనుక మేమూ తల ఊపాము. ఆయన డ్రైవరే బండిని తెచ్చి బొండపల్లి దగ్గర మా మామిడి తోటలో నిలిపి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తరువాత రెండు వారాల పాటు మేము దాన్ని కదపకుండా లోపల కూర్చుని టీ తాగి వస్తూ ఉండేవాళ్ళము.

నేను జూనియర్ కళాశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. అంకెలు కనబడితే చదవకుండా ఉండలేని అలవాటు నాకు అక్కడ అంటుకున్నదే. ఒకనాటి సాయంత్రం ఊరికే కూర్చుని రిజిస్ట్రేషన్ కార్డు చదువుతుంటే ఖాళీ బరువు 9,480 కిలోలని, మొత్తం అనుమతించిన బరువు 16,200 కిలోలని, డ్రైవరుతో కలిపి సీట్లు ఆరు అని కనబడింది. నా లైసెన్సు తీసి పక్కన పెట్టాను. 1999 నుంచి నా దగ్గర ఉన్నది ఎల్ఎంవీ, అంటే తేలికపాటి మోటారు వాహనం. తొమ్మిదిన్నర టన్నుల వస్తువును తేలికపాటిది అనడానికి భౌతిక శాస్త్రం చెప్పుకొని బతికేవాడికి నోరు రాలేదు.

చట్టం ఏమంటుందో చూశాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 2(21) ఈ మాటను నిర్వచిస్తుంది. అందులో గీత 7,500 కిలోల దగ్గర గీశారు. అయితే ఏ బరువు అన్నదే అసలు మెలిక. రవాణా వాహనానికైనా ఆమ్నీబస్సుకైనా చూడవలసినది సరుకుతో, జనంతో కలిపి అనుమతించిన మొత్తం బరువు; సొంత మోటారు కారుకు చూడవలసినది ఖాళీ బరువు. డ్రైవరు కాక ఆరుగురి కంటె ఎక్కువమంది కూర్చునేలా కట్టిన వాహనమేదైనా ఆమ్నీబస్సు కిందికి వస్తుంది. కాబట్టి ఒకే ఛాసిస్ మీద కట్టిన రెండు కారవాన్లలో ఒక్కొక్కదాని ఖాళీ బరువు ఆరు టన్నులు, మొత్తం బరువు తొమ్మిది టన్నులు ఉన్నాయనుకుంటే, ఐదు సీట్లున్నది కారు లైసెన్సు పరిధిలో ఉండవచ్చు, ఎనిమిది సీట్లున్నది దాటిపోతుంది. వ్యాన్ ఛాసిస్ మీద కట్టే మూడు, మూడున్నర టన్నుల చిన్న కారవాన్లకు ఈ బాధ లేదు, కారు లైసెన్సు చాలు. మాది మాత్రం ఏ తక్కెడలో పెట్టినా గీతకు అవతలే ఉంది. నంబరు ప్లేటు తెల్లదా పసుపుదా అన్నది ఆ వాహనం కిరాయికి తిరుగుతుందా లేదా అని చెబుతుంది గాని, స్టీరింగు ముందు కూర్చునేవాడి దగ్గర ఏ లైసెన్సు ఉండాలో చెప్పదు.

ఈ మాట మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే వెంటనే ఒక పత్రికా క్లిప్పింగు వచ్చిపడింది: సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఎల్ఎంవీ ఉంటే అన్నీ నడపవచ్చు అని. ఆ తీర్పు నిజమే. 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, 2017 నాటి ముకుంద్ దేవాంగన్ తీర్పును సమర్థిస్తూ, ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను విడిగా అనుమతి లేకుండా నడపవచ్చునని తేల్చింది. ఆటోలు, చిన్న గూడ్సు బండ్లు నడుపుకొనేవారికి అది పెద్ద ఊరట. కాని ఆ తీర్పు గీతను చెరపలేదు, ఆ గీతకు ఇవతలివారి హక్కును స్థిరపరిచింది. క్లిప్పింగు పంపినవారు శీర్షిక దగ్గరే ఆగిపోయారని నా అనుమానం.

సరే, కారు లైసెన్సు కాదు. మరి ఏది? ఇక్కడ చట్టం కాస్త తడబడుతుందని నాకు అనిపించింది. సెక్షన్ 10లో ఒకప్పుడు మధ్యతరహా, భారీ సరుకు వాహనాలు, ప్రయాణికుల వాహనాలు అని విడివిడిగా తరగతులు ఉండేవి. 1994 సవరణలో వాటన్నిటినీ తీసివేసి 'రవాణా వాహనం' అనే ఒకే తరగతి పెట్టారు. దానితో ఖాళీగానే ఏడున్నర టన్నులు దాటే సొంత వాహనానికి అచ్చంగా సరిపోయే గది లేకుండా పోయింది. అది తేలికపాటిది కాదు, కిరాయిది కాదు కనుక నిర్వచనం ప్రకారం రవాణా వాహనమూ కాదు. 'నిర్దిష్టంగా వర్ణించిన వాహనం' అని చివర ఒక తరగతి ఉన్నది గాని, దాని కింద కారవాన్ రాయించుకున్నవారిని నేను చూడలేదు. మా వైపు అందరూ బ్రేకు ఇనస్పెక్టరు అని పిలిచే మోటారు వాహనాల ఇనస్పెక్టరు గారిని కలిసి ఈ సందేహం చెప్పుకుంటే, ఆయన ఓపికగా విని, పెద్ద బండి మీద పరీక్ష ఇచ్చి రవాణా వాహనం తరగతిని లైసెన్సులో చేర్పించుకోండి, బరువు విషయంలో మిమ్మల్ని ఎవరూ ప్రశ్నించలేరు అన్నారు. అదే హెవీ లైసెన్సు అని లారీ డ్రైవర్లు అనేది. అవసరానికి మించినదే అయినా తీసుకోవడమే తెలివైన పని అని నేను నిశ్చయించుకున్నాను.

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడితో ఈ సంగతి చెబితే అక్కడి లెక్క చెప్పాడు. సొంత వాడకానికి ఉన్న మోటార్‌హోమ్‌కు అమెరికాలో చాలా రాష్ట్రాలలో వాణిజ్య లైసెన్సు అక్కరలేదట, అయినా టెక్సాస్‌లో అనుమతించిన బరువు 26,000 పౌండ్లు, అంటే సుమారు 11.8 టన్నులు దాటితే వాణిజ్యేతర బీ తరగతి లైసెన్సు తీసుకోవలసిందేనట. మా బండి అక్కడ పుట్టినా మాకు ఈ తిప్పలు తప్పేవి కావన్నమాట. బ్రిటన్‌లో మన గీతనే పోలిన 7,500 కిలోల గీత ఒకటి ఉంది. 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష నెగ్గినవారు అక్కడిదాకా నడపవచ్చు, ఆ తరువాత నెగ్గినవారికి 3,500 కిలోల దగ్గరే ఆగుతుంది. పాతవారికి ఉన్న ఈ సౌకర్యం చూసి నాకు కొంచెం కన్ను కుట్టింది.

మా తమ్ముడు, "ఎవరు పట్టుకుంటారన్నయ్యా, టోల్ గేటు దగ్గర లైసెన్సు అడుగుతారా ఏమిటి" అన్నాడు. సరైన లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తరువాత జరిమానా 5,000 రూపాయలు, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. అలాంటివారి చేతికి బండి ఇచ్చిన యజమానికి వేరే సెక్షన్ ఉంది. ఇక్కడ ముగ్గురమూ యజమానులమే. కాని నన్ను భయపెట్టినది జరిమానా కాదు, బీమా. ప్రమాదం జరిగినప్పుడు నడిపినవాడికి ఆ తరగతి లైసెన్సు లేదని బీమా కంపెనీ వాదించడానికి చట్టమే చోటిచ్చింది. అవతలివారికి నష్టపరిహారం ముందు కంపెనీ చేత ఇప్పించినా, ఆ సొమ్మును మా దగ్గర రాబట్టుకోమని న్యాయస్థానం చెప్పవచ్చు. మా మామిడి తోట ధర ఎంత ఉంటుందో లెక్క వేసి చూపించిన తరువాత తమ్ముడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

రవాణా వాహనానికి ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు, తీసుకోవాలంటే వయసు 20 దాటి ఉండాలి, కనీసం ఏడాదిగా ఎల్ఎంవీ లైసెన్సు ఉండాలి. ఈ రెండింటిలో నాకు ఇబ్బంది లేదు. దరఖాస్తు ప్రభుత్వ లైసెన్సుల వెబ్‌సైటు అయిన సారథి పోర్టల్‌లోనే పెట్టాను. వైద్య ధ్రువపత్రానికి, అంటే ఫారం 1ఏ కోసం, నా పాత విద్యార్థి ఒకరు డాక్టరుగా ఉంటే ఆయన దగ్గరకు వెళ్ళాను. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఆయన నన్ను ఆసుపత్రి బయటకు తీసుకువెళ్ళి నిజంగానే చదివించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడా తెలుస్తున్నాయో లేదో చూశారు. ఒకప్పుడు కాంతి పాఠంలో నేను వేసిన ప్రశ్నలకు ఇది ప్రతీకారమని ఇద్దరమూ నవ్వుకున్నాము. ఏప్రిల్ రెండవ వారంలో ఎల్ఎల్ఆర్ వచ్చింది. దానికి ఆరు నెలల గడువు, పరీక్షకు వెళ్ళడానికి ముందు కనీసం 30 రోజులు ఆగాలి. వేసవి సెలవులు నాకు అలా కలిసివచ్చాయి.

ఊరి చివర ఉన్న ఒక డ్రైవింగ్ స్కూలులో చేరాను. రవాణా తరగతికి స్కూలు ఇచ్చే ఫారం 5 ధ్రువపత్రం తప్పనిసరి కనుక ఇంట్లో నేర్చుకుని వెళ్ళే వీలు లేదు, ఉండకపోవడమే మంచిది కూడా. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం పెట్టిన నియమాలలో కారుకు 29 గంటలు, భారీ వాహనాలకు ఆరు వారాలలో 38 గంటలు పెట్టారని చదివినప్పుడు అంత ఎందుకని అనుకున్నాను. మూడవ రోజుకు ఆ అభిప్రాయం మారిపోయింది. మాకు నేర్పినాయన ముప్ఫై ఏళ్ళు లారీ నడిపి, రాయపూర్ దారిని అరచేతి గీతల్లా ఎరిగిన మనిషి. నాతో పాటు నేర్చుకునేవారు నలుగురూ ఇరవై, పాతికేళ్ళ కుర్రవాళ్ళు, ఉద్యోగం కోసం వచ్చినవారు. వాళ్ళు ఆయనను గురువు గారూ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన మాత్రం నన్ను మేస్టారూ అనే అనేవారు.

మొదటి రోజు స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఇంజను స్టార్టు చేసి, గాలి ఒత్తిడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటేదాకా కదలకుండా కూర్చోబెట్టారు. గాలి బ్రేకు సంగతి పుస్తకంలో చదివినవాడినే గాని, అందులోని తిరకాసు ఆ రోజే ఒంటికి పట్టింది. కారులో పెడలు తొక్కితే బ్రేకు పడుతుంది, తొక్కకపోతే పడదు. ఇక్కడ వెనుక చక్రాల పార్కింగు బ్రేకును బలమైన స్ప్రింగు ఎప్పుడూ బిగించే ఉంచుతుంది, గాలి వెళ్ళి ఆ స్ప్రింగును వెనక్కి నెడితేనే బండి కదులుతుంది. గాలి లేకపోతే బ్రేకు లేకపోవడం కాదు, బ్రేకు వదలకపోవడం. ఇంత చక్కటి ఏర్పాటును ఇన్నేళ్ళు పాఠం చెబుతూ ఒక్కసారి కూడా ఉదాహరణగా వాడుకోనందుకు సిగ్గుపడ్డాను.

తిప్పడం దగ్గర నా పరువు పోయింది. కారు అలవాటు ఉన్నవాడు మలుపు కనబడగానే స్టీరింగు తిప్పుతాడు. పెద్ద బండిలో ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఎక్కువ కనుక వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలికి కోసుకొని వస్తాయి. ఎడమకు తిరిగేటప్పుడు ఆ మూలలో సైకిలు మనిషో, పాన్ కొట్టో ఉంటే డ్రైవరు కూర్చున్న కుడి పక్క నుంచి నేరుగా కనబడదు, అద్దమే దిక్కు. అదే సమయంలో వెనుక చక్రాల అవతలికి వేలాడే తోక భాగం మలుపుకు వ్యతిరేక దిశలో బయటికి ఊగుతుంది. అంటే ఎడమ అద్దంలో మూలనూ, కుడి అద్దంలో తోకనూ ఒకే మలుపులో చూసుకోవాలి. నెల్లిమర్ల రోడ్డులో ఒక మలుపు దగ్గర నేను ఎడమ అద్దం చూడకుండా తిప్పబోతే గురువు గారు తన పక్కనున్న రెండవ బ్రేకు తొక్కి ఆపి, "ఏటి మేస్టారూ, కారు తిప్పినట్టు తిప్పేస్తన్నారు. రేపు మీ బండిలో ఎనకాల ఇల్లు వస్తాది, ఇల్లు!" అన్నారు. కుర్రవాళ్ళు నవ్వారు. టార్క్ మీద నేను చెప్పిన పాఠాలు విన్నవాడు వాళ్ళలో ఒకడున్నాడని తరువాత తెలిసింది.

బస్సు ఛాసిస్ మీద ఇంకొక తేడా ఉంది. అందులో డ్రైవరు ముందు చక్రాల కంటె ముందుకు కూర్చుంటాడు. కాబట్టి తన శరీరం మలుపును దాటి అవతలి రోడ్డు మీదికి వెళ్ళిపోయిందనిపించేదాకా ఆగి అప్పుడు తిప్పాలి. ఎదుటి గోడ మీద పడిపోతామేమో అన్న ఆ రెండు క్షణాల భయాన్ని ఓర్చుకోవడమే సగం విద్య. లారీ మీద నేర్చుకున్నా, చివరి వారంలో స్కూలువారి పాత బస్సు మీద నన్ను తిప్పించమని అడిగి, అదనంగా డబ్బు కట్టి మరీ ఆ భయం పోగొట్టుకున్నాను. కారవాన్ కోసం హెవీ నేర్చుకునేవారెవరైనా ఉంటే ఈ ఒక్క పని మానవద్దని చెబుతాను.

మే నెలాఖరులో ఒక రోజు తెల్లవారుజామున జాతీయ రహదారి 26 మీద గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా వెళ్ళి, అవతలి ఘాట్ రోడ్డులో కొంత దూరం ఎక్కి దిగాము. సాలూరు లారీల ఊరు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగితే, గురువు గారిని పలకరించనివారు లేరు. ఎక్కడం కంటె దిగడం కష్టమని అక్కడ తెలిసింది. పెడలు మీద కాలు పెట్టి దిగుతూ ఉంటే బ్రేకు లైనింగులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి, ఇంజను బరువును పట్టుకోవాలి, బ్రేకు అప్పుడప్పుడూ గట్టిగా తొక్కి వదలాలి. మధ్యలో న్యూట్రల్ వేసి నూనె ఆదా చేద్దామన్నవాడి లారీ కథ ఒకటి ఆయన చెప్పారు. అది ఎక్కడ ఆగిందో చూపించడానికి లోయవైపు వేలు చాచి ఊరుకున్నారు.

ఆ ప్రయాణం నుంచి వచ్చాక మా బండిని అసలు తూకం వేయించాలనే పట్టుదల పుట్టింది. తెలిసిన రైసు మిల్లు వేబ్రిడ్జికి, స్కూలు డ్రైవరు చేత నడిపించి, నీళ్ళ ట్యాంకులు నింపి, పరుపులు, సామాను, గ్యాసు బండ అన్నీ పెట్టి తీసుకువెళ్ళాము. 11,060 కిలోలు వచ్చింది. లీటరు నీరు ఒక కిలో అని చిన్నప్పుడే చదువుకున్నా, 400 లీటర్ల ట్యాంకు నింపడమంటే ఆరుగురు మనుషులను అదనంగా ఎక్కించడమేనని చీటీ చూసినప్పుడు గాని తట్టలేదు. ఇప్పుడు ఆ చీటీ, ఎత్తు 3.5 మీటర్లు అని రాసిన ఒక అట్టముక్క స్టీరింగు పక్కన అతికించి ఉన్నాయి. కేబుల్ తీగలు, రావి కొమ్మలు వేలాడే మన ఊళ్ళలో ఆ రెండవది ఎక్కువ పనికివస్తోంది.

పరీక్ష జూన్ మొదటి వారంలో జరిగింది. అద్దాలు సరిచేసుకోవడం, గేర్లు పైకీ కిందికీ మార్చడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్ళీ కదలడం వరకు బాగానే చేశాను. వెనక్కి నడుపుతూ ఎడమ పక్కనున్న ఇరుకు దారిలోకి దూర్చమన్నప్పుడు హద్దుగా పాతిన చివరి గడను తోకతో తాకించాను. అది పడిపోలేదు, ఊగింది. ఊగినా తప్పడమే. చట్టం ప్రకారం ఏడు రోజుల తరువాత మళ్ళీ రావచ్చు. వరుసగా మూడు సార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. ఆ వారమంతా రోజూ ఉదయం ఆరు గంటలకు స్కూలు మైదానంలో వెనక్కి నడపడం తప్ప మరొకటి చేయలేదు. ఎడమకు వెనుక దూర్చాలంటే తొందరపడి తిప్పక, ఎడమ అద్దంలో వెనుక చక్రం గడకు ఎదురుగా కనబడేదాకా నిదానంగా రావాలని, తోచకపోతే ఆపి దిగి చూసుకోవడం అవమానం కాదని గురువు గారు నూరిపోశారు. రెండవసారి గడ ఊగలేదు.

కొత్త కార్డు తపాలాలో వచ్చింది. దాని మీద ఇప్పుడు రెండు గడువులు ఉన్నాయి. కారుకూ స్కూటరుకూ ఒకటి, రవాణా తరగతికి ఐదేళ్ళది ఇంకొకటి. రెండవదాన్ని మరిచిపోతే బండి మళ్ళీ తోటలో టీ గదిగా మారుతుంది కనుక ఆ తేదీని మా ఆవిడ వంటింటి క్యాలెండరు వెనుక అట్ట మీద రాసింది. జూలైలో మొదటిసారి నేనే నడిపి, నాతవలస దగ్గర జాతీయ రహదారి 16 ఎక్కి, శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం తీసుకువెళ్ళాను. గార దాటిన తరువాత ఇరుకైన చోట మా ఆవిడ దిగి, కొంగు నడుముకు చుట్టి, చేతులతో సైగలు చేస్తూ ముందు నడిచింది. ఎదురుగా వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు ఆమె సైగలకే ఆగాడు, నా హారనుకు కాదు.

ఇప్పుడు మా బావ గారి చేతిలో ఎల్ఎల్ఆర్ ఉంది, పరీక్ష తేదీ దగ్గర పడుతోంది. తోటలో బండి నిలిపే చోటికి వెనుక రెండు వెదురు గడలు పాతి, ఆదివారాలు ఆయన చేత సాధన చేయిస్తున్నాము. ఎడమవైపు గడను ఇప్పటికి రెండుసార్లు మార్చాము.